నా ముసలితనం మీద మామ పెట్టిన సంతకం

మా మేనమామతో నేను మాట్లాడక నాలుగేళ్లు దాటింది. రాజీ చేద్దామని ఎవరైనా వస్తే కూర్చోబెట్టి టీ ఇస్తాను గానీ ఆ మాట ఎత్తనియ్యను. వాళ్లకు పింఛన్ అంటే ఒకటో తారీకు ఇంటికి తెచ్చిచ్చేదే. నాకూ ఒకప్పుడు అంతే తెలుసు.

మాది ఆళ్లగడ్డ. అక్కడ రోడ్డు పక్కన మామకు శిల్పాల షెడ్డు ఉంది. మా నాయన పోయినాక నన్ను బడి మాన్పించి ఆ షెడ్డులో కూర్చోబెట్టింది మామే. మొదటి ఏడాది రాయి ముట్టనియ్యలేదు. ఉలులకు పదును పెట్టించినాడు, నీళ్లు మోయించినాడు. గీత తప్పితే సుత్తి పిడితో మోకాలి మీద కొట్టేవాడు. పని మాత్రం బాగా నేర్పినాడు. అది కాదంటే నా చేతులే నన్ను నమ్మవు.

నాకు ముప్పై రెండేళ్లప్పుడు ఆస్ట్రేలియాలో మనవాళ్లు కడుతున్న గుడికి శిల్పి కావాలని మామకు కబురొచ్చింది. మామ నన్ను పంపినాడు. ఏడేళ్లు ఉన్నాను. రేకుల షెడ్డులో చలికి వేళ్లు కొయ్యబారిపోతుంటే స్తంభాలు చెక్కినాను, గర్భగుడి పైనుండే విమానం మీద బొమ్మలు కట్టినాను. గుడి కమిటీలో అందరూ పెద్ద చదువులవాళ్లు. ఆదివారం వచ్చి ఫోటోలు తీసుకుని పోయేవాళ్లు.

నెలనెలా జీతం చీటీ ఇచ్చేవాళ్లు. అందులో ఒక వరసలో ‘సూపర్’ అని ఉండేది. నా పని బాగుందని రాస్తున్నారేమో అనుకున్నాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, రెండు నెలలు అట్లాగే అనుకుని లోపల పొంగిపోయినాను. తర్వాత కమిటీలో లెక్కలు చూసే పెద్దమనిషిని అడిగితే నవ్వినాడు. అది ముసలితనానికి కట్టేదని, ఇప్పుడు దానితో నాకు పని లేదని చెప్పినాడు. అంతకుమించి నేనూ అడగలేదు.

రెండేళ్లయినాక వీసా పొడిగించే సమయంలో ఒక కాగితం నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషు. మామకు ఫోన్ చేసినాను.

“పెట్టరా, నేనూ పెట్టినా. మన షెడ్డు తరఫున నువ్వు పోయినట్టు రాసుకున్నారు, అంతే” అన్నాడు.

పెట్టినాను. ఆ తర్వాత చీటీలో సూపర్ వరస కనిపించలేదు. జీతం మారలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఏడేళ్లకు పని అయిపోయింది, వీసా అయిపోయింది, వచ్చేసినాను. మోకాళ్లు పట్టేసినాయి. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మామ బస్టాండుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. మర్నాడు మళ్లీ షెడ్డులో అదే బండ ముందు కూర్చోబెట్టినాడు, అందరితో సమానం కూలికి.

అప్పుడే నంద్యాల నుంచి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. చనిపోయిన భర్త సమాధికి రాయి చెక్కించాలని అడిగింది. దేవుళ్లను చెక్కే చోట సమాధి రాళ్లు చెక్కేది లేదని మామ మొహం మీదే చెప్పి పంపేసినాడు. నేను వెనకే పోయి, ఆదివారాలు నంద్యాల వచ్చి చేసిస్తానన్నాను. ఆమె ఇంటి వరండాలో రాయి పెట్టుకుని బైబిలు వాక్యం చెక్కుతుంటే మాటల్లో ఆస్ట్రేలియా వచ్చింది. ఆమె భర్త అక్కడ నాలుగేళ్లు వెల్డింగ్ చేసినాడంట.

“నీ సూపర్ తెచ్చుకున్నావా నాయనా?” అని అడిగింది.

అది తెచ్చుకోవచ్చా అని అడిగినాను. భర్త పోయినాక ఆ కాగితాలన్నీ తనే రాసి తెప్పించుకుందంట. కుర్చీ దగ్గరికి లాక్కుని పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. పని చేసుకుని వెళ్లిపోయే నాలాంటోళ్లకు అక్కడి సర్కారు వృద్ధాప్య పింఛన్ ఇవ్వదు. కానీ పనిలో పెట్టుకున్నవాడు జీతం కాకుండా ఇంకొంత ఒక నిధిలో కట్టాలి. అది మామూలుగా ముసలితనం దాకా తియ్యనియ్యరు. దేశం విడిచి, వీసా కూడా ముగిసిపోయినవాడు అడిగితే మాత్రం మూడో వంతుకు పైగా పన్ను పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. అడగకపోతే కొన్నాళ్లకు అది అక్కడి పన్ను ఆఫీసుకు చేరి ఉండిపోతుంది.

“అడిగినోళ్లకే ఇస్తారు. మనల్ని వెతుక్కుంటూ ఎవరూ రారు” అంది.

పాస్‌పోర్టు, పాత చీటీలు తీసుకుని ఆమె దగ్గరికి పోయినాను. ఆమే అంతా రాసి పంపింది. కొన్ని వారాలకు జవాబొచ్చింది. నా పేరు మీద రెండేళ్లదే ఉంది.

“చేసింది ఏడేళ్లా, రెండేళ్లా?” అని టీచరమ్మ నావైపు చూసింది. అబద్ధం ఆడినట్టు నన్ను అట్లా చూడటం నేను భరించలేకపోయినాను. అక్కడే, ఆమె ముందే, లెక్కలు చూసే పెద్దమనిషికి ఫోన్ చేసినాను. మొదట కుశలం అడిగినాడు. విషయం చెప్పేసరికి గొంతు మారింది.

“దేవుడి పని చేసినావు. దేవుడి దగ్గర పింఛన్ అడుగుతావా?” అన్నాడు.

“నాకు జీతమిచ్చింది దేవుడు కాదు సార్, మీరు” అన్నాను.

సంతకం పెట్టిన కాగితం ఒకసారి చదువుకో అని ఫోన్ పెట్టేసినాడు. ఆ సాయంత్రం దాని నకలు పంపినాడు. టీచరమ్మ చదువుతూ నాలుగో పేజీలో ఆగింది. వెనక్కి పోయి మళ్లీ చదివింది. నేను ఆళ్లగడ్డ షెడ్డు మనిషినని, నా ముసలితనానికి కట్టాల్సిన బాధ్యత ఆ షెడ్డుదేనని, అందుకోసం కమిటీ నా జీతం కాకుండా నెలనెలా ఇంకొంత ఆ షెడ్డుకు పంపుతుందని రాసి ఉందంట. కింద మామ సంతకం. దాని కింద నాది.

ఆ రాత్రి నంద్యాలలోనే ఉండిపోయి, మర్నాడు పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డలో దిగినాను. మామ ఒక నందికి మూపురం నున్నగా తీస్తున్నాడు. చుట్టూ ఆరుమంది పనివాళ్లు ఉన్నారు. వాళ్ల ముందే అడగాలని అనుకునే పోయినాను.

“నా పేరు మీద ఐదేళ్లు వచ్చిన దుడ్లు యాడికి పోయినాయి మామా?”

గ్రైండరు ఆపినాడు. కాగితం చూపించినాను. అద్దాలు కూడా పెట్టుకోలేదు. అందులో ఏముందో అతనికి ముందే తెలుసు.

“యాడికీ పోలే. ఈడనే ఉండాయి. ఈ మిషన్లు, ఈ బండలు, వీళ్ల కూలి. అన్నీ గాల్లో నుంచి వస్తాయనుకుంటివా?”

“నన్ను ఒక మాట అడిగినావా?”

“పని నేర్పేటప్పుడు నిన్ను దుడ్లు అడిగినానా? ఆ చెయ్యి నాది రా.”

“చెయ్యి నీదైతే, అది పడిపోయినప్పుడు కూడు కూడా నువ్వే పెడతావా?”

మామ లేచి నిలబడినాడు. “నాకు ఎవడు పెడతాండాడు? నలభై ఏండ్లు ఈ దుమ్ము తిన్నా. నాకు లేని పింఛను నీకేందిరా?”

తప్పు జరిగిందని ఒక్క మాట అని ఉంటే నేను వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఆ దుడ్లు కూడా అడిగేవాణ్ణి కాను. కానీ ఆ మాటతో నాకు ఒకటి తెలిసిపోయింది. అతను అవసరానికి వాడుకోలేదు. నాకు అది ఉండటమే అతనికి గిట్టలేదు. నా ఉలుల సంచి ఆ నంది ముందర పడేసి వచ్చేసినాను.

కాగితంలో ఏం రాసుకున్నా, ఒకరి కింద జీతానికి పనిచేసినవాడికి కట్టాల్సిందేనని అక్కడి చట్టంలో ఉందని టీచరమ్మ వెతికి చెప్పింది. పన్ను ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. పంపే ముందు రెండు రోజులు ఆలోచించుకోమంది. ఆ రెండు రోజుల్లోనే మా అత్త వచ్చింది. గడప దగ్గరే కూర్చుని మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆ కమిటీ రాజగోపురం పని కూడా మామకే ఇస్తానందని, మూడేళ్ల పని అని, నా పంతానికి ఆరు ఇండ్ల పొయ్యిలు ఆరిపోతాయని చెప్పింది. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అయినా మర్నాడు పంపించమన్నాను. న్యాయం కోసం పంపినానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఆ రోజు మాత్రం మామకు నొప్పి తెలియాలనే పంపినాను.

ఏడాదిన్నర పట్టింది. పాత జీతం చీటీలు, హాజరు పుస్తకం ఫోటోలు, కమిటీవాళ్లు నాకు పనులు చెబుతూ పెట్టిన మెసేజీలు, అన్నీ అడిగినారు. చివరకు కమిటీ చేత కట్టించినారు. పన్ను పోను వచ్చినదాన్ని బ్యాంకులో వేసి, అరవై దాటేదాకా ముట్టనని నా భార్యకు మాటిచ్చినాను. కమిటీ రాజగోపురం పని వేరే ఊరివాళ్లకు ఇచ్చేసింది. షెడ్డులో ఇద్దరే మిగిలినారు. కొందరు కొలిమిగుండ్ల వైపు బండల పాలిషింగు పనికి పోయినారు. వాళ్లలో నాకంటే చిన్నవాడు, అన్నా అన్నా అని నా వెనకే తిరిగినవాడు, ఒకసారి నంద్యాల బస్టాండులో నన్ను చూసి పక్కకు తిరిగి ఉమ్మేసినాడు. ఆ ఉమ్ము మామకు చెందాలని నాకు నేను చెప్పుకున్నాను గానీ, పూర్తిగా నమ్మలేకపోయినాను.

ఇప్పుడు నంద్యాలలో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. సమాధి రాళ్లు, ఇంటి పేరు పలకలు, ఎప్పుడన్నా ఒక ఆంజనేయుడు. పైదేశం పోతున్న శిల్పులు ఎవరైనా వస్తే జీతం చీటీ ఎట్లా చదవాలో కూర్చోబెట్టి చెబుతాను. విసుక్కుంటారు. వాళ్లకు వయసు అట్లాంటిది.

పోయిన ఎండాకాలం కోయిలకుంట్లలో చుట్టాల పెండ్లికి పోతే, పంక్తిలో మామ నా ఎదురు వరసలో పడినాడు. సన్నబడిపోయినాడు. బొటనవేలు వంగక అన్నం నాలుగు వేళ్లతోనే కలుపుకుంటున్నాడు. ముద్దకు ముద్దకు మధ్య దగ్గు. నన్ను చూడనట్టే ఉండి, అప్పడాల గంప పట్టుకున్నాయనతో గట్టిగా అన్నాడు:

“ఆ పింఛనుదారుకు ఇంకోటి ఎయ్యప్పా. ఫారిన్‌లో సంపాదించినోడు.”

పంక్తి పంక్తంతా నవ్వింది. నేను ఇంకో అప్పడం వేయించుకుని, నిదానంగా మొత్తం తిని, చెయ్యి కడుక్కుని బస్సెక్కినాను.