సామాను బయట పెట్టకుండా వేసిన సున్నం

మా ఇళ్లలో క్రిస్మస్‌కు ముందు గోడలకు సున్నం వేస్తారు. మంచాలు, బిందెలు, గోడ మీది ఫొటోలు అన్నీ వాకిట్లోకి చేరాకే కుంచె గోడను తాకుతుంది. సున్నం వేసే మనిషే మాతోపాటు సామాను మోసేవాడు. సాయంత్రానికి ఎక్కడివి అక్కడ సర్దేసేవాళ్లం. నేను అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని.

అందుకే నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే అతను, "మొత్తం క్లీన్ చేసి విండోస్ కొత్తగా వేసేస్తానండి" అంటే నిశ్చింతగా తలూపాను. అప్పటికి నా కంప్యూటర్ ఎంత నెమ్మదించిందంటే, ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెరుచుకునేది కాదు.

అందులో మా అమ్మ పాటలున్నాయి. వత్సవాయి చేలల్లో పత్తి తీస్తూ తనే కట్టి పాడుకున్నవి. అమ్మకు అక్షరం రాదు. ఫోన్‌లో రికార్డు చేస్తానంటే, "అది అవతల పెట్టవే, నా నోరు పెగలదు" అనేది. జగ్గయ్యపేట బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి, ఆమె పాడుతుంటే పక్కన కూర్చుని టైపు చేసేదాన్ని. కళ్లెదురుగా ఉంటే భద్రమని ఆ ఫైళ్లన్నీ తెర మీదే పెట్టుకున్నాను. పోయిన ఎండాకాలం అమ్మ చనిపోయింది.

మర్నాడు షాపుకి వెళ్లాను.

"చూడండి మేడం, ఎంత ఫాస్టుగా ఉందో!" అన్నాడు. తెర మీద ఏమీ లేదు.

"నా ఫైళ్లేవీ?"

"డెస్క్‌టాప్ మీదవి పోతాయండి. ఉండాలంటే డీ డ్రైవ్‌లో పెట్టుకోవాలి కదా. అందరికీ తెలిసిందేగా."

"తిరిగి రావా?"

"వాటి మీదే కొత్తది ఎక్కించేసా కదండీ. రావు."

"ఒక్క మాట అడగాలని తోచలేదా నీకు?"

"మీరే కదండీ సరే అన్నారు."

ఒళ్లు మండిపోయింది. అందరికీ తెలిసిందట! సున్నం వేసేవాడు మూలన పిల్లి పడుకుని ఉన్నా అదిలించి మరీ కుంచె ముంచుతాడు. ఇంత చదువుకున్నవాడికి, ఎదురుగా నిలబడ్డ మనిషిని "లోపల ఏమైనా ఉన్నాయా అమ్మా" అని అడగడానికి నోరు రాలేదు. మా అమ్మకు ఫోన్‌ను చూస్తే నోరు పెగిలేది కాదు, ఇతనికి మనిషిని చూస్తే పెగలదేమో! బస్సులో వస్తూ నన్ను నేనూ తిట్టుకున్నాను. తెలియకపోతే అడగండర్రా అని రోజూ పిల్లల్ని కేకలేసే టీచర్ని, నేను మాత్రం ఏం అడిగాను?

ఇంటికొచ్చి గుర్తున్నవి టైపు చేయడం మొదలుపెట్టాను. మూడు పాటలు పూర్తిగా వచ్చాయి. నాలుగో పాటలో ఒక పాదం ఎంతకీ రాలేదు. వరసకు కుదిరేది ఒకటి నాకే తట్టింది. టైపు చేసి పాడి చూసుకుంటే చక్కగా అతికింది. అలా అతికినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది. వెంటనే చెరిపేశాను.

ఆ చోటు ఖాళీగా వదిలేసి, పాటను డీ డ్రైవ్‌లో భద్రంగా దాచాను.