బొట్టు గుండ్రంగా ఉందా

మా ఆపరేటర్ బాబాయ్ పోయారు. ఆ పొద్దున నేను వినుకొండలో నా టీవీల షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, పిన్ని ఫోన్. "మీ బాబాయ్ లేవట్లేదురా, టీ చల్లారిపోతోంది, ఒకసారి రా" అంది. నేను వెళ్లేసరికే అయిపోయింది. ఆ షట్టర్ సాయంత్రం దాకా అలా సగంలోనే ఉంది.

మాకు చుట్టరికమేం లేదు. పక్క సందులో ఇల్లు, అంతే. ఆయన మా ఊరి సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశారు. హాలు మూతపడి మిర్చి బస్తాల గోడౌన్ అయ్యాక, రోజూ పదింటికల్లా నా షాపుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. నేను టీవీలు అమ్మేవాణ్ణి. వాటిల్లో బొమ్మ సరిగ్గా ఉందో లేదో ఆయన చూసేవారు.

మా ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే తగాదా. పాత సినిమా పెడితే టీవీలో అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. కొత్తది పెడితే పైనా కిందా. కొనేవాళ్లకి అవి అస్సలు గిట్టవు. ఒక పత్తి రైతు టీవీ తీసుకెళ్లి మర్నాడే మోసుకొచ్చాడు.

"ఏమయ్యా, ఇంత టీవీ అమ్మి ఇంతే బొమ్మ ఇస్తావా? మిగతాదంతా నల్లగా ఉంది!"

నేను గబుక్కున రిమోట్ తీసుకుని జూమ్ నొక్కాను. తెర నిండింది. రైతు మొహం వెలిగింది. వెనక కుర్చీలోంచి బాబాయ్ గొంతు వినపడింది.

"నిండింది సరే, ఆ డాన్సు చేసేవాళ్ల కాళ్లేవిరా? కోసి నీ కౌంటర్లో పెట్టుకున్నావా?"

రైతు పడీ పడీ నవ్వాడు. టీవీని మాత్రం జూమ్‌లోనే పట్టుకెళ్లాడు.

బాబాయ్ పెట్టే పరీక్ష ఒక్కటే. "బొట్టు చూడరా. గుండ్రంగా ఉందా?" ఉంటే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. కోడిగుడ్డులా ఉంటే ఎవరో లాగినట్టు. పనిలో చేరిన కొత్తలో ఒకసారి, వెడల్పు తెర సినిమాకి పెట్టాల్సిన లెన్సు పెట్టడం మర్చిపోయారట. తెర మీద మనుషులంతా సన్నగా, పొడుగ్గా సాగిపోయారు. ముందు బెంచీలో ఒక ముసలమ్మ లేచి, "అయ్యో, ఆ పిల్లకేం జబ్బు చేసిందర్రా, అట్టా చిక్కిపోయింది?" అని అడిగిందట. హాలంతా ఈలలు. అప్పట్నుంచి ఏ ఆటకైనా, తెర మీద మొదటి బొట్టు గుండ్రంగా కనపడ్డాకే టీ గ్లాసు ముట్టుకునేవారు.

తెరకి రెండు పక్కలా నల్ల గుడ్డలు ఉండేవి. బొమ్మ చిన్నదైతే వాటిని లోపలికి లాగేవారు. "ఆపరేటరూ, సగం తెరే వేశావు, సగం టికెట్ వెనక్కియ్!" అని జనం అరిచేవాళ్లట. ఆయన లెక్కచేసేవారు కాదు. "తెర నింపడం నా పని కాదురా అబ్బాయ్. వాళ్లు తీసినంత చూపించడమే నా పని" అనేవారు నాతో.

ఇన్నేళ్లు ఆ మాట విన్నవాణ్ణి నేను.

మా వైపు మనిషి పోతే పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టాల్సిందే. ఆ పని నేనే నెత్తిన వేసుకున్నాను. దసరాకి షాపులో పూజప్పుడు పిన్ని ఆయనకి కుంకుమ బొట్టు పెడితే నేను తీసిన ఫొటో ఉంది. నిలువు ఫొటో. అది పంపాను. ఫ్లెక్సీ షాపతను ఫోన్ చేసి, "ఫ్లెక్సీ అడ్డం కదండీ, పక్కల ఖాళీ వస్తంది" అన్నాడు. నేనేమో షామియానా వాళ్లతో మాట్లాడే హడావుడిలో, "ఖాళీ లేకుండా నింపెయ్యవయ్యా" అనేశాను.

పెద్దకర్మ ముందు రోజు మధ్యాహ్నం గేటుకి కట్టారు. పిన్ని వచ్చి చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈయన?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. బుగ్గలు ఉబ్బిపోయి, భుజాలు అడ్డంగా సాగిపోయి, నుదుటి మీద బొట్టు అచ్చం కోడిగుడ్డు.

షాపుకొచ్చి కూర్చోలేకపోయాను. లేస్తాను, కూర్చుంటాను, రిమోట్ తీస్తాను, పెడతాను. రేపు పొదిలి నుంచి ఆయన అన్నదమ్ములొస్తారు. వాళ్లు ఆఖరుసారి చూసే బొమ్మ ఇదా? ఇక ఆగలేక బండి తీసి ఫ్లెక్సీ షాపుకెళ్లాను.

"మళ్లీ కొట్టవయ్యా. ఫొటో లాగొద్దు. పక్కల మిగిలిన చోట నలుపు వెయ్."

"నలుపా? అశుభంగా ఉంటదండీ!"

"పెద్దకర్మ ఫ్లెక్సీకి అశుభమేంటయ్యా?"

"పోనీ మేఘాలు వేస్తానండీ. నిండుగా ఉంటది."

"నిండొద్దు. ఆయన్ని ఆయనలా ఉండనియ్."

మిషన్లోంచి ఫ్లెక్సీ అంగుళం అంగుళం బయటికొస్తోంది. అటూ ఇటూ నలుపు, మధ్యలో తెల్ల జుట్టు, తర్వాత నుదురు. బొట్టు మొత్తం వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు.

పొద్దు వాలుతుండగా పాతది విప్పి కొత్తది కట్టాం. పిన్ని దగ్గరికొచ్చి, ఆ బొట్టు చుట్టూ వేలు పెట్టి మెల్లగా ఒక చుట్టు తిప్పింది. లోపలికెళ్లి గ్లాసుతో టీ తెచ్చి ఫ్లెక్సీ ముందు అరుగు మీద పెట్టింది. వేడివేడిగా ఉంది. ఆవిరి ఆ రెండు నల్ల పట్టీల మధ్య నుంచి ఆయన మొహం మీదుగా పైకి పోతోంది.