గిన్నెలో పంపిన బీపీ గోళీలు

మా నాన్నకు బీపీ ఉండేదని మాకు తెలిసింది ఆయన పోయిన రోజే. బతికున్నంత కాలం దాన్ని కోపం అనుకున్నాం. చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి కోసే పని ఆయనది. సాయంత్రం ఛత్రినాకలో మా ఇల్లు చేరేసరికి తల పట్టుకుని కూర్చునేవాడు, చిన్న మాటకు అంతెత్తున లేచేవాడు. నయాపూల్ దాటితే పెద్దాసుపత్రి ఉంది, మంచి డాక్టర్లూ ఉన్నారు. కానీ జ్వరం రానిదే, దెబ్బ తగలనిదే అక్కడికి పోవాలని మా ఇళ్లలో ఎవరికీ తోచేది కాదు. తిరిగే మనిషి పని మానుకుని ఆసుపత్రి వరుసలో నిలబడతాడా? చివరికి దుకాణంలోనే, కత్తెర చేతిలో ఉండగానే కింద పడ్డాడు. ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆరోగ్య సంస్కరణల మీద పేపర్లో ఏది వచ్చినా నేను వదలను. కోర్టు బయట టైపింగ్ చేసుకునేవాడికి పేపరు తిరగేసే తీరిక దొరుకుతుంది లెండి. బీమా కార్డులు మేలా, ఆసుపత్రులు కట్టడం మేలా అని పెద్దవాళ్లు వాదించుకుంటూ ఉంటారు. నన్నడిగితే రెండూ కావాలి. కానీ మా వరకు వచ్చిన పెద్ద మార్పు ఒక్కటే: డాక్టరు మా గల్లీలోకి వచ్చింది. పాత కమ్యూనిటీ హాలుకు సున్నం వేసి బస్తీ దవాఖాన అని బోర్డు పెట్టినప్పుడు, ఎన్నికలైతే తాళం పడుతుంది చూడండి అని నలుగురిలో నవ్వాను. తాళం పడలేదు. అమ్మకు బీపీ ఉందని కనిపెట్టింది అక్కడి డాక్టరమ్మే. చూపించుకోవడానికి పైసా అడగలేదు, నెలనెలా గోళీలు కూడా ఇస్తోంది. ఆ అమ్మాయి వయసు నా వయసులో సగం ఉంటుంది. అయినా ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అయితే ఈమధ్య అమ్మ బీపీ దిగడం మానేసింది. గోళీలు అయిపోతున్నాయి, బీపీ మాత్రం పైపైకి పోతోంది. ఇలాగే ఉంటే పక్షవాతం రావచ్చు, పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాలి అంది డాక్టరమ్మ. నాన్న దారినే అమ్మ కూడా పోతుందేమోనని తిండి సయించలేదు.

అసలు సంగతి ఒక గిన్నెలో దొరికింది. మా పక్కింట్లో ఒక ముస్లిం ముసలమ్మ ఉంటుంది; నాకు ఖాలా, అంటే పిన్ని, అమ్మకు ఆపా, అంటే అక్క. అమ్మా ఆమే ఒకే ఈడువాళ్లు, గోడకు అటూ ఇటూ జీవితమంతా గడిపారు. రంజాన్‌కు అటునుంచి షీర్ ఖుర్మా పాయసం వస్తుంది, బోనాలకు ఇటునుంచి గారెలు పోతాయి. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు, అది రెండిళ్ల పట్టింపు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేస్తారు. ఆ రోజు అమ్మకు ఒక్కపొద్దు, వంట లేదు. "ఖాలాకు ఇచ్చిరా బిడ్డా" అని మూతపెట్టిన గిన్నె నా చేతికిచ్చింది. గిన్నె తేలిగ్గా ఉంది, లోపల ఏదో గలగలమంది. మూత తీస్తే అమ్మ బీపీ గోళీల పట్టీ!

"ఏందమ్మా ఇది?" అని అరిచాను.

"గట్ల మొత్తుకోకు. ఆమెకు తల తిరుగుతుందట. నాకు గూడ గట్లనే తిరిగింది గదా, గదే రోగం. దవాఖానకు రమ్మంటే కొడుకులకు ఫికర్ అయితదని రాదు. అందుకే ఒకరోజు నేనేసుకుంట, ఒకరోజు ఆమె ఏసుకుంటది."

"నువ్వేమన్న డాక్టర్‌వా? నీకేమన్న అయితే?"

"మీ నాన్న పడ్డనాడు ఒక్క గోళీ ఇచ్చెటోళ్లు లేకపాయె. గోళీలు ఇంట్ల పెట్టుకొని ఆమెను గూడ పడనియ్యాల్నా?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మందును కూరలా పంచుకునే మా అమ్మ తెలివితక్కువతనానికి తిట్టాలో, ఆ మనసుకు మొక్కాలో అర్థం కాలేదు.

మర్నాడు పని మానుకుని ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయాను. ఖాలా దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. డాక్టరమ్మ ఆమె చేతికి బీపీ చూసే పట్టీ చుట్టి, వేలి నుంచి చుక్క రక్తం తీసి చూసింది. ఖాలాకు బీపీ లేదు. ఉన్నది రక్తం తక్కువ. అందుకే తల తిరిగేది. అమ్మ పంపిన గోళీలతో ఉన్న బీపీ కూడా పడిపోయి ఇంకా ఎక్కువ తిరుగుతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే వేసుకుంటే నిజంగానే ఎక్కడో పడిపోయేదట.

అమ్మ ఖాలా వైపు తిరిగింది. "నిన్ను నేనే చంపుతుంటి గదా ఆపా" అంది.

ఖాలా ఆమె చెయ్యి పట్టుకుంది. "చుప్ బైఠో, ఊకుండు! నువ్వు గోళీ పంపకపోతే నేను ఈ గడప తొక్కుతుంటినా?"

డాక్టరమ్మ నవ్వింది, తర్వాత ఇద్దరినీ గట్టిగానే కోప్పడింది. ఎవరి మందు వాళ్లకే అని నా చేత కూడా ఒట్టు పెట్టించుకుంది. ఖాలాకు వేరే గోళీలు రాసిచ్చింది. రోజూ వేసుకుంటే అమ్మ బీపీ కూడా దిగుతుందని చెప్పింది. ఆ మాటతో సగం ప్రాణం లేచి వచ్చింది. దేశంలో ప్రతి బస్తీకీ ఇలాంటి గడప ఒకటి ఉండాలి, సాయంత్రం పనులు ముగిసేదాకా తెరిచి ఉండాలి. నేను కోరే సంస్కరణ ఇంతే. పగలు తెరిచే తలుపు దగ్గరికి నాలాంటి పనివాళ్లు తమ కోసమని ఎప్పుడూ రారు. అమ్మ వెనకాల సంచీ పట్టుకుని అన్నిసార్లు వచ్చిన నేను కూడా ఒక్కసారీ చూపించుకోలేదు.

లేవబోతుంటే అమ్మ డాక్టరమ్మతో అంది: "వీని నాన్న గిట్లనే పడిపోయిండమ్మా. వీనికి గూడ జర చూడు."

"నాకేం రోగం?" అన్నాను. వింటేగా! నన్ను కూర్చోబెట్టి పట్టీ చుట్టారు. బీపీ ఎక్కువుంది. ఎండలో నడిచొచ్చాను కదా అని వాదించాను. కాసేపు నీడలో కూర్చోబెట్టి మళ్లీ చూసింది. మళ్లీ అంతే.

అమ్మ ఏడుస్తుందని భయపడ్డాను. ఆమె రెండు చేతులూ జోడించి డాక్టరమ్మకు దండం పెట్టింది.

"దొరికింది గదమ్మా," అంది. "మనిషి ఉండంగనే దొరికింది."