పెన్సిల్‌తో రాసిన స్కోర్లు

2023 అక్టోబరు 14, శనివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. అమెరికాలోని మా ఊరు క్యారీలో సన్నని జల్లు పడుతోంది. మా వరండాలోని థర్మామీటరు అరవై మూడు డిగ్రీల ఫారన్‌హీట్ చూపింది. నా మనవరాలు కారులోంచి ఒక అట్టపెట్టె తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. ఆమె వెనకే చేతికర్ర ఊతంగా ఆ పెట్టె సొంతదారు వచ్చింది. వయసు డెబ్బై తొమ్మిది. చక్రాల బూట్లతో ఆడే రోలర్ డెర్బీ ఆడి జీతం తీసుకున్న మనిషిని చూడడం నాకు అదే మొదటిసారి.

మనవరాలు ఆఫీసు పని అయ్యాక సరదాకు డెర్బీ ఆడే అమ్మాయిల జట్టులో ఉంది. దెబ్బ తగలకుండా కింద పడడం ఎలాగో ఈవిడే వాళ్ళకు నేర్పింది. వచ్చే శనివారం ఆవిడను సత్కరించి, వాళ్ళు ఆడే స్కేటింగ్ రింకు గోడకు ఒక ఫలకం బిగించాలని జట్టు నిర్ణయించింది. పేరు కింద ఆవిడ జీవితంలో సాధించిన మొత్తం పాయింట్లు ఉండాలి.

"తాతయ్యా, నువ్వు చెక్ చేశావంటే ఇంకెవరూ నోరెత్తరు. ఫ్రైడేకల్లా ఫైనల్ చేసెయ్, ప్లీజ్. ప్లేక్ చెక్కేవాడు వెయిట్ చేస్తున్నాడు."

మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. రెండు వేర్వేరు కాగితాలు ఒకే మాట చెబితే తప్ప ఏ అంకెనూ ఒప్పుకోను.

ముందు చరిత్ర చదివాను. ఈ ఆట 1935లో చికాగోలో పుట్టింది. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత దూరమో అంత దూరం గుండ్రని బాట మీద తిరిగే పందెం అది. తరువాత ఒకరినొకరు తోసుకునే ఆటగా మారింది. ఎదుటి జట్టులో ఒకరిని దాటితే ఒక పాయింటు. స్త్రీలకూ పురుషులకూ నియమాలు ఒక్కటే. ఈవిడ ఆడింది బస్సులో ఊరూరా తిరిగే ఒక చిన్న జట్టులో.

పెట్టెలో రెండు వందల పన్నెండు ఆటల కరపత్రాలున్నాయి. ప్రతి దాని అంచునా ఆవిడ పెన్సిల్‌తో స్కోరు, తన పాయింట్లు రాసుకుంది. మర్నాటి పత్రికల కత్తిరింపులూ ఉన్నాయి. నాలుగు రోజులు రెండింటినీ పోల్చాను. మొత్తం 1,846 పాయింట్లు. తేడా సున్నా.

గురువారం ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పాను. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, తెలుగులో రాస్తున్నాను.

"ఒక్క తప్పు లేదండీ. ఆట కాగానే ఇంత శ్రద్ధగా రాసుకున్నవారిని నేను చూడలేదు."

ఆవిడ చాలాసేపు నవ్వింది. "ఆట కాగానే కాదు, లెక్కల మాస్టారూ. ఆటకు వెళ్తూ బస్సులో రాసుకున్నాను. ఆ రోజు రావలసిన స్కోరు మేనేజరు ముందే చదివేవాడు, మేం రాసుకునేవాళ్ళం. పన్నెండు నావంటే పన్నెండే. పదమూడోది కొడితే చీవాట్లు."

రెండు వందల పన్నెండు ఆటల్లో తేడా సున్నా వచ్చినప్పుడే అనుమానించవలసింది. మాత్రల పరీక్షలో అయితే అనుమానించేవాణ్ణి.

"పిల్లలు అడిగితే కాదనలేక పెట్టె ఇచ్చాను. మీరు పట్టుకుంటారనుకున్నాను," అంది. ఇప్పుడు నవ్వడం లేదు. "ఫలకం వద్దని చెప్పండి. వాళ్ళు నిజంగా ఆడుతున్నారు. వాళ్ళ గోడ మీద నా అబద్ధం ఎందుకు? శనివారం నేను రాను."

"పడడం కూడా బస్సులోనే చెప్పేవారా?"

"ఎప్పుడు పడాలో చెప్పేవారు. ఎముక విరగాలని ఎవరూ చెప్పలేదు."

కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. తుంటి ఆపరేషన్ నాటి డాక్టరు నివేదిక తెచ్చింది. అందులో ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముకలు తొమ్మిది. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెడితే పదకొండు వచ్చాయి.

"మిగిలిన రెండూ?"

"కాలి వేళ్ళు. వేళ్ళ కోసం ఆసుపత్రి దగ్గర బస్సు ఆపరుగా!" అంటూ ఎడమ కాలి మేజోడు తీసి పాదం ముందుకు చాపింది. రెండో వేలూ మూడో వేలూ పక్కకు తిరిగి ఉన్నాయి. వాటికి కాగితం లేదు. కళ్ళజోడు సవరించుకుని చూశాను.

"ఇది రాయించనా?"

ఆవిడ మేజోడు తొడుక్కుంది. "అది రాస్తే వచ్చి నిలబడతాను."

శుక్రవారం ఉదయం మనవరాలికి ఫోన్ చేసి బస్సు సంగతి చెప్పాను.

"అదేంటి తాతయ్యా, పాయింట్స్ జీరోనా?"

"పాయింట్ల మాటే వద్దమ్మా. నేను చెప్పే అంకె రాసుకో."

21వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు ఫలకం బిగించారు. ఆవిడ వచ్చింది, కర్ర లేకుండా దాని పక్కన నిలబడింది. ఫలకం మీది లెక్క ఇది: విరిగిన ఎముకలు పదకొండు. కాగితం ఉన్నవి తొమ్మిది, నేను చూసినవి రెండు.