శుభాకర్ విమానం, నేనిచ్చిన మాట

మా శుభాకర్ తన చేతులతో చేసిన విమానం 2014 జనవరిలో, జమ్మలమడుగు దగ్గర పెన్నేటి ఇసకలో, పదకొండోసారికి గాల్లోకి లేచింది. అంతకు ముందు పదిసార్లు దాని ముక్కు మీది పంకా విరిగింది. ఆ పొద్దు నాలుగు నిమిషాలు తిరిగి, విసిరిన చోటికే వచ్చి దిగింది. నేను కండ్లారా చూసినా.

శుభాకర్ మా అన్న కొడుకు. అన్న పోయినాక మా వదిన రూతమ్మా నేనూ పెంచినాము. నేను చదివింది ఊరి బడిలో ఐదు. వాడు ప్రొద్దుటూరులో ఇంటరు చదివి, 1998లో ఎయిర్‌ఫోర్సుకు సెలెక్టయినాడు. మా పేటలో వాడే మొదలు. కొత్త పైలట్లకు నేర్పే విమానాల ఇంజన్లు చూసే పని. జెట్టు ఇంజనుతో పంకా తిరిగే రకం అవి. వీడు చూసి సంతకం పెడితేనే పైకి లేస్తాయి. సెలవులో ఇంటికొచ్చి ఆ విమానాన్నే చిన్నగా, థర్మాకోలు రెక్కలతో, బ్యాటరీ మోటారుతో, రిమోటుతో తిరిగేటట్టు చేసినాడు. పులివెందులలో ఒక స్కూలు మైదానంలో తిప్పితే మూడు వందలమంది చూసినారు.

అది ఎలక్షన్ల ఏడు. మా ఊళ్ళో రెండు వర్గాలు, నడుమ పోలీసు పికెట్టు. అవతలి వర్గపోళ్ళ వీధిలో మా మొగోళ్ళు అడుగుపెట్టి పదేండ్లు. మా వర్గం నాయకుడు నన్ను పిలిపించినాడు.

"దేవపాలన్నా, మీవోని విమానానికి మన జెండా కట్టి వాళ్ళ వీధి మీద తిప్పమను. మనం పోలేకున్నా మన జెండా పోతాది."

"అదెంత పని, తిప్పుతాడులే" అన్నా. పదిమందిలో అన్నా.

ఇంట్లో చెప్తే శుభాకర్ చేతిలో ముద్ద కింద పెట్టినాడు. "నన్నడక్కుండా మాటెట్లిచ్చినావు చిన్నాయనా? పార్టీ జెండా కడితే నా కొలువు పోతాది. వాళ్ళు బాంబనుకుంటే ఈడ తలలు తెగుతాయి."

"నా మాట పోతే నేను ఊళ్ళో ఎట్ల తిరగల్ల?"

"మాటిచ్చింది నువ్వు" అనింది వదిన. "రిమోటు పట్టుకోని నువ్వే తిప్పుపో. ఎద్దుల్ని తిప్పినంత సులువనుకుంటివేమో."

వదిన నవ్వేసరికి నాకు రోషమొచ్చింది. "నా మాట నిలబెట్టనోడు ఈ గడప తొక్కద్దు" అన్నా. వాడు రెక్కలు ఊడదీసి పెట్టెలో సర్దుకోని, మధ్యాన్నం బస్సుకే పోయినాడు.

నాలుగేండ్లు దాటింది. సార్జెంటయినాడు. వాని చేతికింద నలభైమంది పని నేర్చుకున్నారు. కొత్తగా చేసిన బుల్లి విమానం ఇరవై నిమిషాలు తిరిగి పోటీలో మొదటి బహుమతి కొట్టింది. ఇవన్నీ వదిన ఫోన్లో మాట్లాడతాంటే పక్కన కూచోని విన్నవే. చిన్నాయన ఎట్లుండాడు అని ఒక్కసారన్నా అడుగుతాడేమోనని చెవి అటే పెడతా. అడగలేదు. ఆ విరిగిన పంకాలు పదీ నా మంచం కింద అట్టపెట్టెలో ఉండాయి. పారేయమంటాది వదిన.

ఈ యేడు మా నాయకుడు పార్టీ మారినాడు. ఆ అవతలోళ్ళ వీధిలోనే అరుగు మీద కూచోని కాఫీ తాగుతాండాడు. నేను మాటిచ్చిన జెండా ఇప్పుడు ఆయనింటి మీదే లేదు.

పోయిన వారం వదిన ఫోను ఇంట్లో పెట్టి చేనికి పోతే, నేనే నంబరు కొట్టినా.

"శుభాకరా, తప్పు నాది. రావద్దన్న నోటితోనే రమ్మంటాండా."

"అమ్మ చెప్పమనిందా?"

"లేదురా. ఆమె చేన్లో ఉంది."

అప్పుడు చెప్పినాడు. ఇరవై ఏండ్ల సర్వీసు నవంబరు ముప్పైతో అయిపోతాదంట. యాడా ఆగకుండా ఇంటికే వస్తాడంట. 2018 డిసెంబరు 2, ఆదివారం.