వీఎమ్‌స్టాట్ మొదటి వరుస

ఎవరు ఏ మాట ఏ గదిలో అన్నారో నేను మరచిపోను. అది గుణమనుకోండి, జబ్బనుకోండి.

పదో తరగతి తప్పినవాణ్ణి. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవర్లో జనరేటర్ చూసుకోవడానికి చేరాను. సర్వర్ గదిలో ఏసీ చూడటానికి వెళ్లినప్పుడల్లా నల్ల తెర మీద కదిలే అంకెలేమిటని అడిగేవాణ్ణి. ఒక్కడూ చెప్పలేదు. ప్రతి కమాండ్‌కూ వివరం ఆ మిషన్‌లోనే రాసి ఉంటుందని కనిపెట్టి, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. ఆఖరికి ఆ గది నాకే అప్పగించి, నాకంటూ ఒక లాగిన్ ఇచ్చారు. ఆ రోజు బోరబండలో మా గల్లీ అంతా మిఠాయి పంచాను.

తర్వాత టీమ్ లీడ్‌గా ఒకావిడ వచ్చింది. కాకినాడ వైపు మనిషి. చదువు చాలా ఉంది, మిషన్ నాడి పట్టడం మాత్రం రాదు. నేనే నేర్పాను. వీఎమ్‌స్టాట్ అని కొడితే ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఎంత పనిలో ఉన్నాయో ఒక వరుసలో వస్తుంది.

"మొదటి వరుస నమ్మకమ్మా," అన్నాను. "మిషన్ ఆనైన కాడికెల్లి సగటు అది. ఆదివారాలు, ఖాళీ గంటలు అన్నీ అండ్ల కలుస్తయ్. దాని వెనక ఐదు అని పెట్టు, ఐదు సెకన్లకోసారి అప్పటి లెక్క కొత్త వరుసల చెప్తది. మొదటిది కొట్టేసి రెండోదాన్నుంచి చూడు."

"అంటే ఏడాది జ్వరమంతా సగటు తీసి, ఇవాళ ఒళ్లు కాలిపోతున్నవాణ్ణి బానే ఉన్నావన్నట్టండి, బాబాయ్ గారూ!" అని నవ్వింది. అంత బాగా అర్థమైంది ఆమెకు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొన్నటి వేసవిలో ఆమె ఎంపిక చేసిన కొత్త డిస్కులు వచ్చాయి. అప్పటినుంచి రోజూ పదింటికి, కస్టమర్ల ఫోన్లెత్తేవాళ్లంతా లాగిన్ కాగానే మిషన్ మూలిగేది. డిస్క్ కోసం ఎదురుచూపు చెప్పే అంకె నూటికి నలభై దాటేది. పది రోజులవి కాగితం మీద రాసి ఆమె చేతికే ఇచ్చాను. ఆ కాగితం ఆమె దగ్గరే ఆగిపోయింది. ఆ అంకెలు నిమిషానికోసారి దాచే నా చిన్న ప్రోగ్రామే మిషన్‌ను ఆపుతోందన్న మాట మాత్రం మేనేజర్ దాకా వెళ్లింది.

మీటింగ్ పెట్టారు. పెద్ద తెర మీద ఆమె వీఎమ్‌స్టాట్ అని కొట్టింది. అంతే, వెనక ఐదు లేదు. ఒకే వరుస వచ్చింది. ఎదురుచూపు: రెండు.

"డిస్కులు బానే ఉన్నాయండి, చూడండి," అంది.

"అమ్మా, వెనక ఐదు పెట్టు జర," అన్నాను.

"ఏంది కాకా, కండ్ల ముంగట కనవడ్తలేదా?" అన్నాడు మేనేజర్.

"అది మొదటి వరుస సార్. నమ్మొద్దు. ఆమెకు ఎరుకే."

"ఎరుకైతే ఆమెనే చెప్తది గద!"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కీబోర్డు వైపు చూసింది.

"బాబాయ్ గారికి పెద్దవయసు కదండీ," అంది.

సాయంత్రానికి నా ప్రోగ్రామూ పోయింది, లాగిన్నూ పోయింది. మళ్లీ జనరేటర్ గది. పదింటి మూలుగు మాత్రం పోలేదు. నెల తిరక్కుండా వేరే డిస్కులు అట్టపెట్టెల్లో దిగాయి. అవి పైకి పోతుంటే సర్వీస్ లిఫ్ట్ తలుపు పట్టుకున్నది నేనే.

మొన్న ఏసీ చూడటానికి మళ్లీ ఆ గదికి వెళ్లాను. కొత్తగా చేరేవాళ్ల కోసం గోడకు ఒక కాగితం అంటించి ఉంది. మొదటి వరుసను నమ్మకండి, అది సగటు, కొట్టేసి రెండోది చూడండి అని. కింద ఆమె పేరు.

వెనకే ఆమె వచ్చింది. "టీ తాగారా బాబాయ్ గారూ?"

"వెనక ఐదు పెట్టాలని రాయలేదేందమ్మా? ఐదు లేకుంటే రెండో వరుస యాడికెల్లి వస్తది?"

ఆమె పెన్ను తీసి, కాగితం మీద ఆ ఐదు వేసింది.

"థాంక్సండీ," అంది.