ముందు ఇద్దరు, తరవాత ఎనిమిది

నలుగురు మనుషులు ఒకచోట కనబడితే చాలు, సత్యకుమారి మేడం వాళ్లను పరమాణువు చేసేదాకా ఊరుకోదు. నడుమ కేంద్రకం, దాని చుట్టూ మొదటి వలయంలో ఇద్దరు, రెండో వలయంలో ఎనిమిది మంది, మిగిలినవాళ్లు ఆ పైన. రేషను కొట్టు దగ్గర జనమైనా, చర్చిలో పెళ్లి భోజనాలైనా ఆవిడకు ఒకటే లెక్క. డుంబ్రిగుడ దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆవిడ సైన్సు టీచరు.

అదే బడిలో వంట చేసే తవిటమ్మకు ఈ సంగతి మొదటిసారి సంత జీపులో తెలిసింది. జీపు గంగరాజు ముందు ఇద్దర్ని, వెనక ఎనిమిది మందిని కుక్కి, ఆపైన తన బావమరిదిని కోడిపుంజుతో సహా వెనక మెట్టుమీద వేలాడదీశాడు.

"దించు," అంది మేడం.

"ఏటి దించీది? ఆడు నా సొంత బావమరిది!"

"ఎవరైనా సరే. ముందు ఇద్దరు, తరవాత ఎనిమిది. నిండిపోయింది. ఆ పైన ఒంటిగా వేలాడేవాడు నిలవడు. ఖాళీ చోటు కనబడిందా, గెంతేస్తాడు."

"ఆడు నన్నొగ్గీసి ఎల్లడమ్మా. ఆడి పెళ్లి సేసింది నానే."

"వెళితే?"

"ఎల్తే ఈ జీపులో ఇంకెప్పుడూ పదిమందికి మించి ఎక్కించను. జాకర దేవత తోడు!"

మొదటి మలుపులోనే మేకలు అడ్డం వచ్చి జీపు ఆగింది. పక్కనే ఇంకో జీపు వచ్చి ఆగింది. దాని వెనక బల్లల మీద ఏడుగురు కూర్చున్నారు, ఎనిమిదో చోటు ఖాళీ. బావమరిది ఆ చోటును చూశాడు, బావను చూశాడు, గెంతేశాడు. పుంజు సైతం వెనక్కి తిరిగి చూడలేదు.

"వాడు సోడియంలో చివరివాడు. చివరి వలయంలో ఒకటి తక్కువైన ఆ జీపు క్లోరిన్," అంది మేడం, పండుగ భోజనం చేసినంత తృప్తిగా.

వంకాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తవిటమ్మ, ఇద్దరు, ఎనిమిది అని తనూ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఒకరు చెప్పింది ఆవిడ వినడమన్నది జరిగే పని కాదు. తవిటమ్మ నోటికి జడిసి బడి కుక్కలు కూడా వంటింటి వెనకనుంచి చుట్టు తిరిగి పోతాయి. మూడో తరగతి దాకా చదివి, అంతకు మించి తెలివి తనకు అక్కర్లేదని తనంతట తానే మానేసిన మనిషి. ఆవిడకు ఈ లోకంలో ఒకటే ఆస్తి, ఉప్పు జాడీ. పప్పులో ఉప్పు ఆవిడ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వేయకూడదు. ఒకసారి వార్డెన్ జయశ్రీ రుచి చూసి చిటికెడు వేయబోతే, తవిటమ్మ గరిటె కింద పెట్టి, "ఐతే రేపట్నుంచి మీరే వండండి," అని అరుగు మీద కూర్చుంది. వార్డెన్ ఆ చిటికెడూ జాడీలోనే పోసింది.

అలాంటి జాడీ దగ్గరికి మేడం తొమ్మిదో తరగతి మొత్తాన్నీ తోలుకొచ్చింది.

"చూడండర్రా. సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ విషవాయువు. ఈ రెండూ కలిస్తేనే, ఇదిగో, పిన్ని పప్పులో వేసే ఉప్పు!"

"నా పప్పులో విషమేసినానంటారేటి?" తవిటమ్మ గరిటె ఎత్తింది.

"విషం కాదు పిన్నీ. కలిశాక పాత గుణం ఉండదు. అదే గొప్ప."

"గొప్పో దిబ్బో, నాకు తెల్దు. మా అమ్మ సముద్రం ఉప్పేసేది, నానూ అదే ఏత్తన్నాను. మీ భగ్గుమనీవి మీ గదిలో ఎట్టుకోండి!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. అప్పట్నుంచి వడ్డించేటప్పుడు, "అవ్వా, కొంచెం విషం ఎయ్యవా?" అని అడగడం, తవిటమ్మ గరిటె చూపించడం రివాజయింది.

ఆ నవ్వులో నవ్వనిది ఒక్క కనకే. అనంతగిరి కొండల పైనుంచి చదువు మధ్యలో వచ్చి చేరిన పిల్ల. తక్కిన పిల్లలు ఒకటో తరగతినుంచీ కలిసి పెరిగి, ఎవరి జట్టు వాళ్లు కట్టేసుకున్నారు. తన యాసకు నవ్వారని కనక మాట్లాడడమే మానేసింది. అన్నానికి బంతి చివర, గుమ్మం పక్కన, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చునేది. రెండుసార్లు గేటు దాటి ఇంటికి పారిపోయింది. రెండోసారి వాళ్ల నాన్న తిరిగి దింపి వెళ్లాక వార్డెన్ అందరి ముందూ చెప్పేసింది: "ఇంకొక్కసారి గేటు దాటిందా, పేరు కొట్టేస్తాను."

ఆ మర్నాడే మేడం పిచ్చి భోజనాల గదిలో కాలు పెట్టింది. బంతులు ఎత్తేసి వలయాలు పెట్టింది. అన్నం గుండిగ కేంద్రకం. దాని చుట్టూ ఇద్దరు, తరవాత ఎనిమిది, ఆ తరవాత మళ్లీ ఎనిమిది.

"మేడమ్మా, నాను సాంబారు బకెట్టట్టుకుని ఈళ్ల మీంచి గెంతాలేటి? నాకేటి గంగరాజు బావమరిది వయసా?"

"రెండు రోజులు పిన్నీ, అలవాటైపోతుంది."

అలవాటు కాలేదు. సాంబారు పిల్లల జడల మీదా, ఒకసారి వార్డెన్ చెప్పుల మీదా పడింది. మేడం మాత్రం వలయాలు తీయలేదు.

ఇంతలో సైన్సు దినం దగ్గరపడింది. మేడం ఏకంగా థింసా నాట్యంతో పరమాణువు కడతానంది. థింసాలో ఒకరి నడుము వెనకనుంచి ఒకరు చేతులు పట్టుకుంటారు; గొలుసు పడ్డాక ఒంటిగా విడిపోవడం ఎవరి తరమూ కాదు. సాధన రోజు మైదానంలో అటు, గేటు పక్కగా, డప్పు చుట్టూ క్లోరిన్: ఇద్దరు, ఎనిమిది, ఏడుగురు. ఇటు సోడియం: ఇద్దరు, ఎనిమిది, ఆ పైన ఒక్కతే. ఆ ఒక్కతె ఎవరంటే కనక.

అరుగు మీద బియ్యం ఏరుతున్న తవిటమ్మకు ఒళ్లు మండింది. "ఏటమ్మా ఇది? అసలే ఒంటిగున్న గుంటని అందరి ముందరా ఒంటిగా నిలబెడతారా? మీకు మనసుందా?"

మేడం జవాబు చెప్పేలోపు డప్పు మోగింది. కనక అటు చూసింది, ఇటు చూసింది, తిన్నగా గేటువైపు పరుగు తీసింది. వరండాలో వార్డెన్ లేచి నిలబడింది. తవిటమ్మ చేతిలో చాట జారి బియ్యం నేలపాలయ్యాయి.

మేడం కనక వెంట పడలేదు. పైట నడుముకు దోపి, కొండ మారుమోగేలా అరిచింది: "క్లోరిన్! గేటు దగ్గరికి పదండర్రా! బేగి! అడుగు తప్పకూడదు!"

గొలుసు విప్పకుండా, అడుగు తప్పకుండా, పక్కకి పక్కకి ఊగుతూ క్లోరిన్ మొత్తం డప్పుతో సహా గేటుకు అడ్డం పడింది. కనక చెయ్యి వేయబోయింది గేటు గడియ మీద. గడియ కనబడలేదు, దానికి అడ్డంగా వచ్చిన ఏడుగురి గొలుసులో ఒక ఖాళీ ఉంది, ఆ ఖాళీకి అటూ ఇటూ రెండు చేతులు చాచి ఉన్నాయి.

"రాయే, బేగి! నువ్వు లేపోతే మాకు ఆట కుదర్దు!" అంది చివరనున్న బేబి రొప్పుతూ. కనక యాసకు మొదట నవ్వింది ఆ బేబే.

కనక గడియ మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తరవాత రెండు చేతులూ ఇచ్చింది. వెనకనుంచి సోడియం పిల్లలు కూడా పరుగున వచ్చి ఆ గొలుసును చుట్టేసుకున్నారు. "కరెక్ట్!" అని ఎగిరి గంతేసింది మేడం. "ఒకటి ఇచ్చిందీ, ఒకటి పుచ్చుకున్నదీ ఇంక ఒకదాన్నొకటి వదలవు!"

వార్డెన్ గసపెడుతూ వచ్చింది. "గేటు దాటిందా, దాటలేదా?"

"దాటలేదు మేడం," అంది సత్యకుమారి. "ఉప్పయిపోయింది."

కింద పడ్డ బియ్యం ఎత్తుకుంటుంటే తవిటమ్మకు అప్పుడు వెలిగింది. బంతికైతే చివర ఉంటుంది, చివరికి గుమ్మం ఉంటుంది. వలయానికి చివరెక్కడిది? సాంబారు ఒలికిన అన్నాళ్లూ కనక కాళ్లు రెండూ గది లోపలే ఉన్నాయి. మేడంది పిచ్చి కాదు, ముదురు తెలివి.

సాయంత్రం మేడం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తవిటమ్మ తల ఎత్తకుండానే అంది: "ఇంకా ఏటి? ఈసారి నన్ను కూడా ఏ వలయంలోనైనా దూరుస్తారా?"

"లేదు పిన్నీ. ఒక చిన్న పని అడుగుదామని."

"అడగండి. సాంబారు బకెట్టు నెత్తి మీదెట్టుకుని థింసా ఆడమంటే మాత్రం ఆడను."

మేడం ఉప్పు జాడీ వైపు చూసింది. తవిటమ్మ చెయ్యి దానంతట అదే జాడీ మూత మీదికి వెళ్లింది.

"రేపు పప్పులో ఉప్పు," అంది మేడం మెల్లగా, "కనక చేత వేయించండి."